ఆరో అంతస్తుల అలాయ్ బలాయ్

మియాపూర్,
జూన్ 16.

మరదలు పిల్లా రమ్యా,

నర్సింగ్ హాస్టల్ల వార్డెన్ మీ ఫోన్లన్నీ బీరువాల పెట్టి తాళమేసిందని మీ అమ్మ ఒకటే పరేషాన్. ఆదివారం పది నిమిషాలు మాట్లాడనిస్తరట గదా. ఆ పది నిమిషాలు మీ అమ్మ "తిన్నవా, పండుకున్నవా, తిన్నవా" అని అడిగి పెట్టేస్తది. మిగిలిన ముచ్చట్లు ఉత్తరంల రాయమని నా మీద పడ్డది. ఆమెకు సంతకం తప్ప రాదు. నాకు ఎనిమిదో తరగతి దాటి బడి లేదు. నేనెట్ల నేర్చుకున్ననో నీకెరుకే. ఆఫీసుల వైట్ బోర్డులు తుడుసుడు నా పని. తుడిచే ముందు ప్రతి మాట చదువుత. అట్లనే ఇంగ్లీషు గూడ పట్టిన. తప్పులుంటే నవ్వుకో, దిద్ది మాత్రం వాపస్ పంపకు.

మీ అమ్మ నిమ్మళంగ ఉన్నది. పొద్దున ఇద్దరం షేర్ ఆటోల కొండాపూర్ మీదికెళ్లి హైటెక్ సిటీ పోతున్నం. ఆమెకు ఆరో అంతస్తు, నాకు నాలుగు. కిరాయి గది గోడకు చెమ్మ వస్తే సున్నం కొట్టించింది, నువ్వొచ్చేసరికి ఆరుతదట.

ఆరో అంతస్తుల యశ్వంత్ సారని ఒక మేనేజర్ ఉన్నడు. ఆయనకు దండం పెట్టుడు, చెయ్యి కలుపుడు ఆనవు. కేకు కోస్తే హగ్గు, పని అయితే హగ్గు, ఎవరన్న కొలువు ఇడిసి పోతుంటే హగ్గు. శుక్రవారం వచ్చిందంటే నన్ను గూడ పైకి పిలుస్తరు, కేకు ముక్కలు ఊడ్వనీకి. ఊడ్సుకుంట చూస్త. కొందరు ఆడపిల్లలు నవ్వుకుంట దగ్గరికి పోతరు. కొందరు లాప్‌టాప్ ఎదకు అడ్డం పెట్టుకొని పోతరు. అది ఎందుకు అడ్డమున్నదో సారుకు సమజ్ కాదు, నాకైతది. మనమేమో వాళ్ళు లిఫ్టుల ఉంటే ఎక్కొద్దు, ఎదురొస్తే గోడకు జరగాలె.

అసలు ముచ్చట విను. మొన్న గురువారం మీ అమ్మ ఆరో అంతస్తు లేడీస్ బాత్రూం కడగపోతే, లోపల భార్గవి మేడం కింద కూసోని ఏడుస్తున్నదట. కడప దిక్కు పిల్ల, మనకన్న రెండు మూడేండ్లు పెద్దదుంటది. మీ అమ్మ గ్లోవ్సు తీసి, చేతులు సబ్బుతోని కడుక్కొని, కొంగుకు తుడుసుకొని, పోయి అలుముకున్నది. ఏమైంది బిడ్డా అని గూడ అడగలే. ఇరవై నిమిషాలు అట్లనే ఉన్నరట.

తలుపు ఎనక ఒక కాగితం ఉంటది, గంటగంటకు కడిగినమని సంతకం పెట్టాలె. ఆ దినం మూడు గంటల గడి ఖాళీ ఉన్నది. మా సూపర్‌వైజర్ నరేందర్ సారు అందరి ముందట "మూడు గంటలకు ఏడ పండుకున్నవ్ అంజమ్మా" అన్నడు. మీ అమ్మ "మర్చిపోయిన సారు" అన్నది, అంతే. ఆటోల నేను కొట్లాడిన, ఉన్నది చెప్తే ఏమైతుండె అని. "ఏడ్చిన ముచ్చట ఏడ్చినోళ్ళది. మనం చెప్పొద్దు" అన్నది.

నాకు మండింది రమ్యా. మంచి పని చేసి తిట్లు తినుడేంది? అందుకే నేనొక పని చేసిన. ఇప్పుడు చెప్ప. నెలాఖరు మీటింగుల మీ అమ్మ పేరు మైకుల వినబడుతది చూడు, అప్పుడు రాస్త.

నీ వదినె,
పింకీ

*

నర్సింగ్ హాస్టల్, కరీంనగర్,
జూన్ 27.

వదినెకు,

నీ ఉత్తరం రూమంతా చదివి వినిపించిన. లాప్‌టాప్ ముచ్చట కాడ అందరు నవ్విన్రు. ఒక పిల్ల మాత్రం "మా సీనియర్ డాక్టర్ గూడ అంతే" అని పక్కకు తిరిగి పండుకున్నది.

మాకు మొదటి పాఠమే ముట్టుకునుడు. నిజంగనే. పేషెంటు ఒంటి మీద చెయ్యి వేసే ముందు పేరు చెప్పాలె, ఎందుకు ముట్టుకుంటున్నమో చెప్పాలె, "పట్టుకోవచ్చా?" అని అడగాలె. మంచం మీద బొమ్మను పెట్టి మాతోని అడిగిస్తరు. నేను బొమ్మను "పట్టుకోవచ్చా అవ్వా" అంటే మేడం కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. అమ్మకు చెప్పు, ఇగ నుంచి అడిగి అలుముకొమ్మను. వింటదా? నేను జరమొచ్చి వద్దు వద్దన్నా మీద పడి పండుకునే మనిషి.

ఆ మేడం ఎందుకు ఏడ్చిందో తెలిసిందా? నువ్వు చేసిన పనేంది? నెలాఖరు దాక ఆగమంటే నాకు చదువెక్కుతదా చెప్పు.

గోడ సున్నం మీద బొట్టు చుక్కలు అంటియ్యొద్దని అమ్మకు చెప్పు.

మరదలు,
రమ్య

*

మియాపూర్,
జూలై 9.

రమ్యా,

ఆదివారం ఫోన్ల మీ అమ్మ నీకు చెప్పలేదట. నన్ను గూడ చెప్పొద్దన్నది. నేను చెప్తున్న. మీ అమ్మను పనిలకెళ్లి తీసేసిన్రు.

ఆఫీసుల పాంట్రీ కాడ ఒక డబ్బా ఉంటది. ఉద్యోగులు ఎవరికన్న థాంక్స్ చెప్పాలంటే పసుపు కార్డు మీద రాసి అండ్ల ఏస్తరు. నెలకొకసారి తీసి మంచిది చదువుతరు. కాంట్రాక్టు మీద పనిచేసే మన వెండర్ స్టాఫ్ ఏసేటందుకు లేదు. ఈసారి అండ్ల ఒక కార్డు వచ్చింది, భార్గవి మేడం పేరు మీద. "నేను బాత్రూంల ఏడుస్తుంటే అంజమ్మ నన్ను హగ్ చేసింది, నాకు అమ్మ యాదికొచ్చింది" అని ఇంగ్లీషుల. అది మైకుల చదవలే. పై వాళ్ళ కాడికి పోయింది. భార్గవిని పిలిచి నువ్వే రాసినవా అంటే, నేను రాయలేదన్నదట. చూసినవా? ఇరవై నిమిషాలు మీ అమ్మ భుజం తడిపిన మనిషి, ఒక్క మాట అడిగితే లేదన్నది.

ఇగ మొదలైంది. ఉద్యోగిని ముట్టుకున్నది ఒక తప్పట, దొంగ కార్డు ఏయించింది ఇంకో తప్పట. సోమవారం పొద్దున ఏడున్నరకు, మమ్మల్ని లైన్ల నిలబెట్టి గోర్లు, యూనిఫాం చూసే టైముల, నరేందర్ సారు ఆ కార్డు పట్టుకొని వచ్చి, తెలుగుల చెప్పుకుంట చదివిండు.

"ఎవరు రాసిన్రు?"

అందరం గోర్లు చూసుకుంట నిలబడ్డం.

"అంజమ్మా, నీకు రాయనీకి రాదు గదా. ఎవరితోని రాయించినవ్?"

మీ అమ్మ నేల దిక్కు చూసి అన్నది, "బస్టాండు కాడ ఫారాలు నింపేటామె ఉంటది సారు. ఆమెతోని రాయించుకున్న. నాదే తప్పు."

అంతే. పావుగంటల ఐడీ కార్డు తీసుకున్నరు. యూనిఫాం వాపస్ అడిగిన్రు. ఇంటికాడికెళ్లి కట్టుకొచ్చిన చీర సంచిల ఉండె కాబట్టి సరిపోయింది. లేకుంటే ఎట్ల పోతుండెనో.

అదే రోజు పైన కేకు కోసిన్రు, యశ్వంత్ సారు హగ్గులు పంచిండు. ఏసీ గదిల చేస్తే కల్చరట. బాత్రూంల చేస్తే కేసట. ఐడీ కార్డుకు నీలం తాడున్న ఉద్యోగులు ముట్టుకుంటే ప్రేమ, బూడిద తాడున్న మనం ముట్టుకుంటే మైల. నాకైతే ఆ అద్దాల బిల్డింగుకు రాయి తీసుకొని కొట్టాలనున్నది.

మీ అమ్మ ఎందుకట్ల ఒప్పుకున్నదో నాకు తెల్వదు. భార్గవిది పాపం, ఊకె పోదు.

నీ ఫీజుల ముచ్చట ఫికర్ చెయ్యొద్దన్నది. ఇంకో పని చూసుకుంటదట.

పింకీ

*

కరీంనగర్,
జూలై 20.

పింకీ వదినెకు,

ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. రాద్దామని కూసునుడు, లేసుడు.

ఆదివారం అమ్మతోని మాట్లాడిన. పది నిమిషాలు కాలేదు, నాలుగు నిమిషాలకే పెట్టేసింది. తిన్నవా అని ఒక్కసారే అడిగింది.

ఒక్కటి సమజ్ కాలే. మా అమ్మకు బ్యాంకు ఫారం ఇంకొకరితోని రాయించుకునుడే సిగ్గు. నేను ఇంటికొచ్చేదాక ఆపుకొని కూసుంటది. అట్లాంటిది బస్టాండు కాడ ఎవరికో తన పొగడ్త చెప్పుకొని ఇంగ్లీషుల రాయించిందంటవా?

నువ్వు అదే లైన్ల ఉన్నవు గదా. అమ్మ పక్కన నిలబడ్డవా, దూరమా? నువ్వేమన్నవు?

భార్గవి మీద నాకు కోపం రావాల్నా? రావాలంటే చెప్పు, తెచ్చుకుంట.

నెలాఖరుకు చెప్తనన్న ముచ్చట నువ్వింకా చెప్పలే.

రమ్య

*

మియాపూర్,
ఆగస్టు 5.

రమ్యకు,

నువ్వు పోలీసు స్టేషన్ల రాసినట్టు రాసినవు. పక్కన నిలబడ్డవా దూరమా అంటే ఏం చెప్పాలె? ఇద్దరు అవతల ఉన్న. సరేనా? ఏమనలే. అంటే ఏమైతుండె? ఇద్దరం పోతుంటిమి. నెలాఖరు ముచ్చట ఏం లేదు, ఏదో తమాష. మర్చిపో.

మాకు ట్రైనింగ్ ఇచ్చిన్రు. గోడ మీద బొమ్మలేసి చూపించిన్రు. వెండర్ స్టాఫు ఉద్యోగులకు ఒక చెయ్యంత దూరం ఉండాలె. పడిపోయినా ముందు సెక్యూరిటీని పిలవాలె. ఏడుస్తుంటే చూడనట్టు బయటికి పోయి పసుపు బోర్డు పెట్టాలె, "శుభ్రం చేస్తున్నాము, లోపలికి రాకండి" అని. నేను అడిగిన, "సారూ, మరి మాకెవరన్న హగ్ ఇస్తే?" అందరు నవ్విన్రు. నేను నవ్వనీకి అడగలే. కిందటి మహిళా దినం నాడు ఒక పెద్ద సారు మాకందరికి పువ్వులిచ్చి, ఫోటో కోసం నన్ను పక్కకు గుంజి పట్టుకున్నడు. నా భుజం ఎముక ఆ దినమంత ఇనుములెక్క అయ్యింది. అది సంతకం పెట్టమన్న కాగితాలల్ల ఏ పేజీల ఉన్నదో చూపెట్టమంటే నరేందర్ సారు "సంతకం పెట్టు పోచమ్మా" అన్నడు. ఐడీ కార్డుల నా అసలు పేరు మా నాయనమ్మదే గదా. కోపం వచ్చినప్పుడే ఆ పేరుతోని పిలుస్తడు. పెట్టిన.

ఇంకోటి. ఆరో అంతస్తు నాకిచ్చిన్రు. నేను అడగలే.

మీ అమ్మ గది ఖాళీ చేసింది. కూకట్‌పల్లిల ఒక అపార్టుమెంటుల ముసలామెను చూసుకునే పని దొరికింది, ఆడనే ఉండాలట. ఆమెను లేపుడు, కూసోబెట్టుడు, నడిపిచ్చుడు. సామాను ఆటోల ఎక్కించిన. ఆటో కదిలే ముందు నా దిక్కు చూసింది గానీ తల మీద చెయ్యి పెట్టలే. ఎప్పుడు పెడుతది గదా, ఇంటి ముందటి మోరీ కాలువ దాటినా పెడుతది. ఆ దినం పెట్టలే.

సున్నం కొట్టిన గోడ ఆరింది. కొత్తోళ్ళు వచ్చిన్రు.

పింకీ

*

కరీంనగర్,
ఆగస్టు 24.

పింకీకి,

మమ్మల్ని దవాఖానల వార్డుకు ఏసిన్రు. నాకు ఇచ్చిన మంచం మీద నీలమ్మ అని ఒక అవ్వ. ఎవ్వరు రారు ఆమె కోసం. మొదటి దినం పాఠంల చెప్పినట్టే "అవ్వా, నా పేరు రమ్య, మీ చెయ్యి పట్టుకోవచ్చా?" అన్న. అవ్వ నన్ను ఎగాదిగ చూసి, "అడిగెదేంది పిల్లా, పట్టుకోరాదు. నా చెయ్యేమన్న పెండ్లి కూతురుదా?" అన్నది. పక్క మంచాలోళ్ళు గూడ నవ్విన్రు.

రోజు అడిగేదాన్ని. రోజు తిట్టేది. తొమ్మిదో దినం అడిగితే తిట్టలే. పట్టుకున్న. అట్లనే పోయింది.

నేను అవ్వ ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పి, బయటికొచ్చి మెట్ల కాడ నిలబడ్డ. మా బ్యాచు పిల్లలు పోతున్నరు వస్తున్నరు. ఎవరన్న ఒక్కరు వచ్చి అడగకుండ పట్టుకుంటే బాగుండు అనిపించింది. మా అమ్మ ఉంటే నేను ఎందుకేడుస్తున్ననో గూడ అడగకపోతుండె. భార్గవికి ఆ దినం దొరికింది నాకు దొరకలే.

అడిగి పట్టుకునుడు తప్పని అంటలే. వార్డుల నేను అడగకుండ ఎవర్ని ముట్టుకోను. కని ఎవరు అడగాల్నో, ఎవరికి అడగకున్నా నడుస్తదో మా పుస్తకంల లేదు.

నేను ఒక్కటే అడుగుత. ఇది మూడోసారి. ఆ కార్డు ఎవరు రాసిన్రు?

రమ్య

*

మియాపూర్,
సెప్టెంబర్ 10.

రమ్యా,

నేను రాసిన.

ముందుగాల ఆ మాట పెట్టి తర్వాత మిగిలింది రాద్దామని మూడు కాగితాలు చింపిన. ఇది నాలుగోది.

మొన్న శుక్రవారం ఆరో అంతస్తు బాత్రూంల భార్గవి కనబడ్డది. అదే ఆమె ఆఖరు దినమట. నేను ఆమెను చూసి పసుపు బోర్డు అందుకున్న, బయటికి పోదామని. "ఒక్క నిమిషం. అంజమ్మ గారు రావట్లేదా? నేను అడిగితే ఎవరూ చెప్పట్లేదు" అన్నది. తీసేసిన్రు అన్న. మీ వల్లనే అన్న. ఆ మాట అననీకి రెండు నెలలు ఆగిన గదా, గట్టిగనే అన్న.

ఆమె సింకు పట్టుకొని నిలబడ్డది. "నన్ను పిలిచి కార్డు చూపించారు. నీదేనా అన్నారు. నాది కాదు కదా, కాదన్నాను. ఆమె నిన్ను తాకిందా అన్నారు. ఔను, నాకేం ఇబ్బంది కాలేదు, పైగా మేలు చేసింది అన్నాను. మొదటి మాట రాసుకున్నారు. రెండోది ఎవరూ రాసుకోలేదు."

ఆ గురువారం ఎందుకు ఏడ్చినవని నేను అడగలే. ఆమెనే చెప్పింది. కొలువు పోయేటోళ్ళ లిస్టుల ఆమె పేరున్నదని యశ్వంత్ సారు గదిలకు పిలిచి చెప్పిండట. ఎట్ల చెప్పిండో తెలుసా? అలుముకొని. "గట్టిగ పట్టుకొని, చెవి కాడ చెప్పినాడు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, ఎప్పుడు వదులుతాడా అని" అన్నది. "తర్వాత అంజమ్మ గారు వచ్చింది. ఆమె కూడా అడగలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్నేమో. కానీ ఈ బిల్డింగులో ఊపిరి బిగబట్టకుండా ఉన్నది ఆ ఒక్కసారే."

ఇద్దరు అడగలే రమ్యా. ఒకడు పట్టుకొని కొలువు తీసిండు. ఒకామె పట్టుకొని కొలువు పోగొట్టుకున్నది.

అప్పుడు చెప్పిన, కార్డు నేనే రాసిన అని. ఆమెకు థాంక్స్ కార్డు రాయాలని తోచదేమో, తోచినా టైముండదేమో, పెద్ద మనసు చేసుకొని ఆమె తరఫున నేనే రాస్త అనుకున్న. మూడు గంటల గడి ఎందుకు ఖాళీ ఉన్నదో అందరికి తెలవాలె, మీ అమ్మ పేరు మైకుల చదవాలె, నరేందర్ సారు చప్పట్లు కొట్టాలె. ఇంకోటి గూడ ఉన్నది, దాస్త లేను: నా ఇంగ్లీషు అందరు వినాలె. బోర్డులు తుడుచుకుంట నేర్చిన ఇంగ్లీషు. ఎవరు రాసిన్రో తెలవకున్నా సరే, నాకు తెలుస్తది గదా. రెండు దినాలు చిత్తు రాసి మరీ దించిన.

భార్గవి నన్ను చూసి, "ఆ కార్డు చేతులు మారి, నేను బాత్రూంలో ఏడ్చింది మా టీమంతా చదివారు. అది నువ్వా?" అన్నది. అరవలే. అరిస్తే బాగుండు. మళ్ళ ఏడుపొచ్చింది ఆమెకు. నేను సంతకం పెట్టిన మనిషిని, ఒక చెయ్యంత దూరంల నిలబడి టిష్యూ రోలు ఆమె దిక్కు జరిపిన. మీ అమ్మ అయితే గ్లోవ్సు తీస్తుండె.

ఏడ్చిన ముచ్చట ఏడ్చినోళ్ళదని మీ అమ్మ ఆటోల చెప్పింది. చెప్పినంక గూడ రాసిన.

ఆ సోమవారం లైన్ల "నేనే సారు" అననీకి రెండు మాటలు కావాలె. నోరు తెరవలే. నా నోటికి మియాపూర్ డిపో మొత్తం భయపడుతదని అంటవు గదా. ఆ నోరే. మీ అమ్మ నా దిక్కు ఒక్కసారి చూసి నేల దిక్కు చూసింది. మా అమ్మను కాలబెట్టొచ్చిన దినం నన్ను తన చాప మీద, తన కొంగు కింద పండబెట్టుకున్న మనిషి. ఆమె ఐడీ కార్డు తీస్తుంటే నేను గోర్లు చూసుకుంట నిలబడ్డ.

భార్గవిని తిట్టిందంత నన్ను నేను తిట్టుకునుడే. పేరు మార్చి రాసిన.

పింకీ

*

కరీంనగర్,
సెప్టెంబర్ 21.

పింకీకి,

నాకు తెలుసు.

జూలైలనే తెలుసు. నాలుగు నిమిషాలు మాట్లాడి పెట్టేసిందని రాసిన గదా, ఆ నాలుగు నిమిషాలు అమ్మ నీ ముచ్చటే మాట్లాడింది. పసుపు కార్డు నీ ఒళ్ళో చూసిందట, నువ్వు ఆటోల ఏదో రాసుకుంట నవ్వుకుంటుంటే. "దాని పేరు చెప్తే ఇద్దరం పోతుంటిమి బిడ్డా. నాకు నువ్వున్నవు. దానికెవరున్నరు? అది మంచికే రాసింది. నువ్వు దాన్ని ఏమనకు. అదే చెప్తది." అదే చెప్తది, అన్నది. నేను మూడుసార్లు అడిగి మూడుసార్లు ఎదురు చూసిన. నువ్వు భార్గవిని తిట్టి పంపినవు.

నువ్వు రాసినందుకు కోపం లేదు. నువ్వు రాయనట్టు రాసినవు చూడు, దానికున్నది. క్షమించిన అని రాస్తే అబద్ధమైతది. రాయ.

నువ్వు దాచినవు, నేను తెలిసి గూడ దాచిన. అమ్మ ఇద్దరిని దాచింది.

నాకు చెప్పినవు. చెప్పాల్సింది నాకు గాదు. కార్డు ఇంగ్లీషుల రాసినవు. ఇది తెలుగుల చెప్పు, నోటితోని, ఎదురుంగ నిలబడి. నరేందర్ సారుకు గూడ.

రమ్య

*

మియాపూర్,
అక్టోబర్ 3, దసరా తెల్లారి.

రమ్యా,

నరేందర్ సారుకు చెప్పిన. లైన్లనే, అందరి ముందట. "ఆ కార్డు నేను రాసిన సారు. అంజమ్మత్తకు ఎరుకే లేదు. నన్ను తీసేసి ఆమెను పిలువుండ్రి" అన్న. కాగితం మీద గూడ రాసిచ్చిన. ఆయన నన్ను మెట్ల కాడికి తీసుకపోయి, కాగితం నాలుగు మడతలు పెట్టి తన జేబుల పెట్టుకున్నడు. "ఫైలు మూసేసినం పింకీ. ఇప్పుడు తెరిస్తే తప్పుడు మనిషిని తీసినవని నన్ను తీస్తరు. నాకు ఇద్దరు పిల్లలున్నరు. పో, ఆరో అంతస్తుల కాఫీ ఒలికిందట" అన్నడు. పింకీ అన్నడు చూడు, పోచమ్మ అనలే. బతిలాడినట్టే. నేను మూడు నెలలు భయపడ్డ నిజం ఎవ్వరికి అక్కెరకు రాలే. పోయి కాఫీ తుడిచిన.

నిన్న దసరా. జమ్మి తీసుకొని కూకట్‌పల్లి పోయిన. బస్సుల, రోడ్ల మీద, ఎక్కడ చూసినా అదే. ఎరుకున్నోళ్ళు, ఎరుక లేనోళ్ళు, చేతిల జమ్మాకు పెట్టుడు, అలాయ్ బలాయ్ ఇచ్చుడు. ఆ అపార్టుమెంటు గేటు కాడ ఎల్లేశం తాతని వాచ్‌మెన్, కార్లు దిగొచ్చిన సార్లను గూడ ఇడిసిపెడుతలేడు. "పండుగనాడు అడుగుడేంది సారు, రా" అని గుంజి అలుముకుంటున్నడు. ఆ సార్లు గూడ నవ్వుకుంట అలుముకుంటున్నరు.

మీ అమ్మను కిందికి పిలిపించిన. చిక్కింది. తలకు నూనె పెట్టి మంచిగ దువ్వుకున్నది. ముసలామె పండుకున్నదని, పది నిమిషాలే ఉంటనన్నది. నీ ఫోన్ లెక్కనే.

జమ్మి చేతిల పెట్టి కాళ్ళు మొక్కిన. లేవకుండనే చెప్పిన, నేనే రాసిన అత్తా, లైన్ల నోరు తెరవలే అత్తా అని. "ఎరుకే బిడ్డా, లే" అన్నది. "నా పేరు మంచిగ రాసినవట గదా. ఆ నరేందర్ సారు చదువుతుంటే విన్న. అమ్మ యాదికొచ్చింది అని రాసినవట. అది భార్గవి మాట గాదు, నీ మాటే అనుకున్న."

నేను లేసి నిలబడ్డ. ఏడుస్తున్న. నా ముందట మీ అమ్మ. ఎల్లేశం తాత ఎనక నుంచి "ఇంకేంది చూసుడు, ఇచ్చుకోండ్రి అలాయ్ బలాయ్" అని అరుస్తున్నడు. మీ అమ్మ చేతులు లేసినయి, నడిమిట్ల ఆగినయి. కొంగుకు తుడుసుకున్నది. మళ్ళ తుడుసుకున్నది.

"అలుముకోవచ్చునా బిడ్డా?" అన్నది.

పండుగనాడు. నన్ను. మా అమ్మ పోయిన దినం ఒక్క మాట అడగని మనిషి.

తల ఊపిన. అప్పుడు పట్టుకున్నది. కని మునుపటి లెక్క గాదు రమ్యా. చేతులు నా ఈపు మీద పూర్తిగ ఆనలే. నా భుజం మీదికెళ్లి తలెత్తి చూస్తున్నది. ఏం చూస్తున్నదో నాకు ముందుగాల సమజ్ కాలే. గేటు పైన కెమెరా ఉన్నది.

మీ పుస్తకంల అడగాలె అని ఉన్నది, మంచిదే. నేను మీ అమ్మకు నేర్పింది మాత్రం అది గాదు. నేను భయం నేర్పిన.

ఈ కవర్ల రెండు జమ్మాకులున్నయి. ఒకటి మీ అమ్మ పంపింది, ఒకటి నాది. బస్సుల ఒరుసుకొని ఏది ఎవరిదో కలిసిపోయినయి. నాది వద్దనుకుంటే గూడ రెండూ ఉంచుకో.

పింకీ